చూసి గీస్తే తప్పా?

మన పత్రికలో పిల్లల పేజీ తెరవగానే నేను మొదట చూసేది బొమ్మలే. వినాయకుడు, వెన్నదొంగ కృష్ణుడు, చార్మినార్, గోదావరి మీద పడవ, అప్పుడప్పుడూ ఒక పికాచూ. వాటిలో చాలామటుకు ఎక్కడో చూసి గీసినవేనని గీత చూడగానే తెలిసిపోతుంది. ఈమధ్య పండగ భోజనాల దగ్గర ఒకాయన నాతో, "అవన్నీ కాపీ బొమ్మలండీ. వాటిని అచ్చెయ్యడం ఏమిటి? పిల్లలకి క్రియేటివిటీ నేర్పాలి గానీ" అన్నారు. చేతిలో పులిహోర ప్లేటు ఉండటం వల్ల అక్కడ వాదన పెట్టుకోలేదు. ఈసారి కాలమ్ అంతా ఆయనకి జవాబు అనుకోండి.

ఏడాది రెండు నెలలుగా శని, ఆదివారాలు పొద్దున్నే లేచి నేను చేస్తున్న పని కూడా అదే. ఒకే ఒక్క బొమ్మని చూసి గీయడం. అదీ అయిదువందల ఏళ్ళ కిందటి ఇటలీ బొమ్మ. రాఫెల్ వేసిన ఆల్బా మడోన్నా.

నా సంగతి కొంచెం చెప్పాలి. చేసేది ఐటీ కన్సల్టింగ్, చదివింది కంప్యూటర్ సైన్స్‌లో మాస్టర్స్. ఇక చిత్రకళలో నా చదువు ఏమిటంటారా, చందమామ ముఖచిత్రాల్నీ బాపు గారి బొమ్మల్నీ లెక్కల నోట్సు వెనక పేజీల్లో చూసి గీయడం. మా ఈడు వాళ్ళలో సగం మందికి ఈ చదువు ఉంది. వడ్డాది పాపయ్య గారి రంగులు మన పెన్సిలుకి ఎక్కడ దొరుకుతాయి, గీతతోనే సరిపెట్టుకునేవాళ్ళం. అమెరికా వచ్చాక వీసా, ఇల్లు, పిల్లలు, అన్నీ తెలిసిన కథే. కిందటేడాది ఒక ప్రాజెక్టుకీ మరో ప్రాజెక్టుకీ మధ్య కొన్నాళ్ళు ఖాళీ వచ్చింది. మా భాషలో దాన్ని బెంచి మీద కూర్చోవడం అంటారు. ఉత్తినే కూర్చోవడం దేనికని మా కౌంటీ కమ్యూనిటీ సెంటర్లో ఆయిల్ పెయింటింగ్ క్లాసులో చేరాను.

డెబ్బై దాటిన టీచరమ్మ మొదటి రోజే తేల్చి చెప్పేసింది. పాత బొమ్మ ఒకటి ఎంచుకోండి, కోర్సు అయ్యేదాకా అదే. పూర్తి కాకపోతే కోర్సు అయిపోయాక కూడా అదే. ఈవిడ మన సంగీతం మాస్టార్ల కోవలో మనిషి అనిపించింది. మన పిల్లలు సంగీతానికి వెళ్తే ఏం చేస్తారు? సరళీ స్వరాలు, జంట స్వరాలు, గీతాలు, అన్నీ గురువుగారు పాడినట్టే పాడతారు. ఏళ్ళ తరబడి అదే పని. కూచిపూడి నేర్చుకునే పిల్ల గురువుగారి అడుగు చూసి అడుగు వేస్తుంది. దాన్ని మనం కాపీ అనం, పాఠం అంటాం. బొమ్మల దగ్గరికి వచ్చేసరికి మాత్రం మొదటి రోజు నుంచే సొంత కృతి కావాలి మనకి!

మేముండేది వాషింగ్టన్ డీసీకి నలభై నిమిషాల దూరంలో. అక్కడి నేషనల్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్‌లో ఉంది ఈ బొమ్మ. గుండ్రంగా ఉంటుంది, అడ్డంగా 94.5 సెంటీమీటర్లు. మేరీ మాత కుర్చీలోనో సింహాసనం మీదో కాకుండా నేల మీద చతికిలబడి ఉంటుంది. ఒళ్ళో పసి యేసు, ఎడమ వైపున చిన్నపిల్లాడుగా ఉన్న బాప్తిస్మమిచ్చే యోహాను. వెనక పొలాలూ, కొండలూ, విశాలమైన ఆకాశం. యోహాను రెల్లుపుల్లలతో కట్టిన చిన్న శిలువ ఒకటి పట్టుకుని ఉంటే యేసు దాన్ని అందుకుంటున్నాడు. ముగ్గురి చూపులూ ఆ పుల్లల మీదే. పిల్లలిద్దరికీ అది ఆటవస్తువు. తల్లికి మాత్రం అదేమిటో తెలుసునని ముఖం చూస్తే అర్థమవుతుంది.

నేను ఈ బొమ్మ ఎంచుకున్నది అందుకు కూడా కాదు. మేరీ ఎడమ చేతిలో పుస్తకం ఉంది. చదువుతున్న పేజీ తప్పిపోకుండా వేలు మధ్యలో పెట్టుకుంది. పిల్లలు వచ్చి మీద పడితే ఏ తల్లయినా చేసే పనే కదా. మా ఆవిడ వారపత్రిక సీరియల్ చదువుతున్నప్పుడు అచ్చం ఇలాగే వేలు పెట్టుకుని మాతో మాట్లాడేది. ఆ వేలు చూశాక ఇంకో బొమ్మ వెతకబుద్ధి కాలేదు.

ఈ బొమ్మ తిరిగినన్ని దేశాలు మన కన్సల్టెంట్లు కూడా తిరిగి ఉండరు. సుమారు 1510లో రోమ్‌లో వేశాడు. అప్పటికి రాఫెల్‌కి 27 ఏళ్ళు, అదే సమయంలో పోప్ రెండో జూలియస్ గదుల్లో గోడల మీద పెద్ద పెద్ద చిత్రాలు వేస్తున్నాడు. మన కృష్ణదేవరాయలు సింహాసనం ఎక్కింది అంతకు ఏడాది ముందే, 1509లో. తర్వాత బొమ్మ స్పెయిన్‌లో ఆల్బా డ్యూకుల ఇంటికి చేరింది, ఆ పేరు అలా వచ్చింది. 1836లో రష్యా చక్రవర్తి మొదటి నికొలస్ కొన్నాడు. మొదట చెక్క పలక మీద ఉండేది, పందొమ్మిదో శతాబ్దంలో ఆ రంగు పొరని చెక్క మీంచి విడదీసి గుడ్డ మీదకి ఎక్కించారు. చెక్కని వెనక నుంచి చెక్కేసి, రంగు పొర చెదరకుండా! ప్రొడక్షన్ సర్వర్ నడుస్తుండగా కింద హార్డ్‌వేర్ మార్చడం లాంటి పని. నాకైతే తల్చుకుంటేనే చెమటలు పడతాయి. 1930-31లో సోవియట్ ప్రభుత్వానికి డాలర్లు అవసరమై హెర్మిటేజ్ మ్యూజియం బొమ్మలు గుట్టుగా అమ్ముకుంటుంటే, అప్పటి అమెరికా ఆర్థికమంత్రి ఆండ్రూ మెలన్ 21 బొమ్మలు కొన్నాడు. ఈ ఒక్కదానికే 11,66,400 డాలర్లు.  ఆయన తన బొమ్మలన్నీ దేశానికి ఇచ్చేస్తే వాటితో 1941 మార్చిలో నేషనల్ గ్యాలరీ తెరిచారు. ప్రవేశం ఉచితం.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఈ రాఫెల్ ఎలా నేర్చుకున్నాడు?

చూసి గీసే నేర్చుకున్నాడు. తండ్రి చిత్రకారుడు. తర్వాత పెరుజీనో అనే పెద్ద చిత్రకారుడి పద్ధతిని ఎంతగా ఒంటబట్టించుకున్నాడంటే, 1504లో వేసిన మేరీ వివాహం బొమ్మలో గుడి, మెట్లు, జనం నిలబడిన తీరు అంతా పెరుజీనో వరసే. ఆ తర్వాత ఫ్లారెన్స్ వెళ్ళాడు. అక్కడ లియోనార్డో, మైకెలాంజెలో పనులు చూసి మళ్ళీ విద్యార్థి అయిపోయాడు. లియోనార్డో లీడా బొమ్మని చూసి రాఫెల్ గీసుకున్న కాగితం ఇవాళ ఇంగ్లండ్ రాజకుటుంబం భద్రపరిచిన బొమ్మల్లో ఉంది. చిత్రమేమిటంటే లియోనార్డో వేసిన అసలు లీడా చిత్రం పోయింది, ఇప్పుడు లేదు. అదెలా ఉండేదో మనకి తెలియడానికి ఇలా చూసి గీసినవాళ్ళే దిక్కు. మైకెలాంజెలో కూడా కుర్రతనంలో జొత్తో, మసాచియోల బొమ్మలు చూసి గీసినవాడే. రాఫెల్ పోయిన వందేళ్ళకి రూబెన్స్ అంతటివాడు కూర్చుని రాఫెల్ బొమ్మని చూసి వేశాడు. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం 1872 నుంచే నకలు వేసుకునేవాళ్ళని లోపలికి రానిచ్చింది. మన నేషనల్ గ్యాలరీ అయితే తెరిచిన ఏడాదే ఆ పద్ధతి పెట్టింది. నకలు అసలు సైజులో మాత్రం ఉండకూడదు, ఎవరూ అసలుదని చెప్పి అమ్ముకోకుండా. నా స్థాయికి అక్కడ ఈజిల్ వేసుకునే యోగ్యత లేదు గానీ, వాళ్ళ వెబ్‌సైటులో ఈ బొమ్మ ఫోటో చాలా పెద్ద సైజులో ఉచితంగా దొరుకుతుంది. దాన్ని ప్రింటు తీయించి ఇంట్లో గరాజులో పెట్టుకున్నాను.

నా కాన్వాస్ 24 అంగుళాల గుండ్రటిది. ప్రింటు 12 అంగుళాలు. ప్రింటు మీద అంగుళం గళ్ళు, కాన్వాస్ మీద రెండంగుళాల గళ్ళు, మొత్తం 144. ఒక గడిలో ఏముందో చూసి ఇటువైపు గడిలో అదే గీయాలి. వినడానికి సులువుగానే ఉంటుంది. టీచరమ్మ ప్రింటునీ కాన్వాస్‌నీ రెండింటినీ తలకిందులు చేసి పెట్టించింది. ముక్కు అని తెలిస్తే మనకి తెలిసిన ముక్కు గీసేస్తామట. తలకిందులుగా ఉంటే అది ముక్కని మెదడుకి తట్టదు, అక్కడున్న వంపు మాత్రమే కనిపిస్తుంది. మూడు వారాలు నేను గీసిందేమిటో నాకే తెలియకుండా గీశాను. తిరగేసి చూస్తే ముగ్గురు మనుషులు కూర్చుని ఉన్నారు! నలభై అయిదేళ్ళ మనిషిని గరాజులో ఒంటరిగా చప్పట్లు కొట్టాను.

తర్వాత రంగులు. ఆయిల్ రంగు అంటే పొడి రంగుని అవిసె నూనెలో నూరడమే. ఈ నూనె నీళ్ళలా ఆవిరై ఆరదు. గాలిలో ఆక్సిజన్ పీల్చుకుని గట్టిపడుతుంది. అందుకే రోజులు పడుతుంది. పై పొరలో కింది పొర కన్నా నూనె ఎక్కువ ఉండాలి, లేకపోతే పైది ముందు ఆరిపోయి కిందిది కదిలినప్పుడు పగుళ్ళిస్తుంది. మొదట అంతా గోధుమరంగులో వెలుగునీడలు వేసి, అది ఆరాక ఒక్కో రంగూ పల్చటి పొరలుగా పరుచుకుంటూ రావాలి. ఒక పొర వేసి వారం ఆగాలి. రెండు వారాలకో రిలీజ్ అంటూ పరిగెత్తే మాలాంటి వాళ్ళకి ఇది పెద్ద శిక్ష, కొన్నాళ్ళకి పెద్ద సుఖం. చెరియాల నకాషీ కళాకారులు గుడ్డ మీద సుద్దమట్టి, చింతగింజల జిగురు కలిపి పూసి ఆరబెట్టి గానీ రంగు ముట్టరు. ఇటలీ వాళ్ళు పలక మీద జిప్సం, జంతువుల జిగురు కలిపి పూసేవాళ్ళు. సరుకు వేరు, తయారీలో ఓపిక ఒకటే.

ఇక్కడ ఇంట్లో పిల్లలున్న వాళ్ళకి ఒక మాట. అవిసె నూనె అంటిన గుడ్డలు ఉండచుట్టి మూల పడేయకండి. ఆరేటప్పుడు వాటిలో వేడి పుడుతుంది, దానంతటదే అంటుకుని ఇళ్ళు కాలిన సందర్భాలున్నాయి. నీళ్ళు పోసిన మూత డబ్బాలో వేయండి. తెల్లరంగుకి రాఫెల్ కాలం వాళ్ళు వాడిన సీసం తెలుపు విషం. ఇప్పుడు టైటేనియం తెలుపు దొరుకుతుంది, అదే కొనండి.

మేరీ పైవస్త్రం నీలం. ఆ రోజుల్లో ఇటువంటి మంచి నీలం కావాలంటే అఫ్ఘానిస్తాన్‌లోని బదక్షాన్ గనుల నుంచి లాపిస్ లాజులీ అనే రాయి రావాలి. దాన్ని నూరి, కడిగి, శుభ్రం చేస్తే వచ్చేది అల్ట్రామెరైన్, అంటే సముద్రాల అవతలిది అని. ఒక్కోసారి బంగారంతో సమానంగా పలికేదట. అందుకే దాన్ని మేరీ మాత బట్టలకి దాచిపెట్టేవాళ్ళు. 1820లలో ఫ్రాన్సులో అదే రంగుని ఫ్యాక్టరీలో తయారు చేయడం కనిపెట్టాక ధర పడిపోయింది. ఎంత పడిపోయిందంటే, మన ఇళ్ళలో తెల్లబట్టలకి పెట్టే నీలిమందు పొడిలో ఉండేది అదే.

ఈ మాట మా అమ్మకి చెప్పాను. ఆవిడ విజయవాడ నుంచి ఆర్నెల్లకి వచ్చి ఉంది. "అంటే మీ తాతయ్య పంచెలకి పెట్టిన నీలమేనా ఆవిడ చీరకీ?" అంది. అవునన్నాను. చీర కాదు అని చెప్పి లాభం లేదు. నిజానికి నాకు వేరే భయం ఉండేది. రోజూ లలితా సహస్రం చదివే మనిషి, గరాజులో కొడుకు మేరీ మాతని దిద్దుతుంటే ఏమంటుందోనని. అమ్మ దగ్గరికి వచ్చి చాలాసేపు చూసి, "గుణదల మాత కదరా. మీ అన్నయ్యకి జ్వరం తగ్గకపోతే కొండెక్కి కొబ్బరికాయ కొట్టొచ్చాను" అంది. నలభై ఏళ్ళలో ఈ సంగతి మాకెవరికీ చెప్పలేదు. బెజవాడ వాళ్ళకి తెలిసిందే, ఏటా ఫిబ్రవరిలో గుణదల తిరునాళ్ళకి వెళ్ళే జనంలో హిందువులు తక్కువేం కాదు. ఆ తర్వాత రోజూ కాఫీ గ్లాసుతో వచ్చి కుర్చీ వేసుకుని కూర్చునేది. "పిల్లాడి మోకాలు ఇంకా నున్నగా రావాలి" లాంటి సలహాలు కూడా ఇచ్చేది. టీచరమ్మ సలహాలకి, ఆవిడ సలహాలకి పెద్ద తేడా ఉండేది కాదు.

అసలు ఈ విషయం మీద ఇంత రాయడానికి కారణం మా అమ్మాయి. తొమ్మిదో తరగతి. కిందటేడు ఒక బొమ్మల పోటీకి రవివర్మ సరస్వతిని చూసి గీసి పంపింది. మూడు వారాలు కూర్చుని వీణ మెట్లు లెక్కపెట్టి మరీ గీసింది. సొంత ఆలోచన కాదు కాబట్టి పరిశీలించలేమని పోటీ వాళ్ళు ఒక్క వాక్యం రాసి పంపారు. పోటీకి నియమాలుంటాయి, సరే. కానీ ఆ వాక్యం పక్కన ఇంకో వాక్యం రాయడానికి ఎంతసేపు పడుతుంది? ఆ చేతివేళ్ళు ఎంత బాగా కుదిరాయో, ఆ చీర మడతల్లో ఎంత ఓపిక ఉందో? పద్నాలుగేళ్ళ పిల్ల దాన్ని చదివి తనకి బొమ్మలు రావని తీర్మానించుకుంది. రంగుల పెట్టె మంచం కిందకి వెళ్ళిపోయింది. ఎనిమిది నెలలు బయటికి రాలేదు. వాళ్ళమ్మ చెప్పింది, నేను చెప్పాను, నానమ్మ బతిమాలింది. అలాంటప్పుడు మన మాటలు ఎంత పనిచేస్తాయో టీనేజి పిల్లలున్న ఇళ్ళలో తెలుసు.

ఒక ఆదివారం మెట్రోలో గ్యాలరీకి వెళ్తుంటే ఇంట్లో వైఫై పోయిందన్న కారణం మీద నాతో వచ్చింది. అసలు బొమ్మ ముందు ఇద్దరం నిలబడ్డాం. ఫోన్లో ఏదో వెతుకుతూ ఉన్న పిల్ల సగంలో ఆగి, "నాన్నా, మేరీ అబ్బాయా?" అంది. రాఫెల్ ఈ బొమ్మ కోసం ముందుగా ఎర్రసుద్దతో గీసుకున్న చిత్తు కాగితం ఫ్రాన్సులో లీల్ నగరం మ్యూజియంలో ఉంది. అందులో మేరీ కూర్చున్న భంగిమలో ఉన్నది ఆడమనిషి కాదు, చేతులు పైకి మడుచుకున్న ఒక కుర్రాడు. తన దగ్గర పనిచేసే కుర్రాణ్ణి నేల మీద కూర్చోబెట్టి, చూసి గీశాడు. అదే కాగితం వెనక వైపు మొత్తం బొమ్మ అమరిక. అంటే ఈ మహానుభావుడు కూడా ఊహలోంచి దింపలేదు. ఎదురుగా ఒక మనిషిని పెట్టుకుని చూశాడు, తర్వాత తన గీతనే మళ్ళీ మళ్ళీ చూసి గీశాడు.

"మరైతే అది కూడా చూసి గీసిందేగా" అంది. నేనేమీ అనలేదు. బ్యాగులో ఉన్న స్కెచ్ పుస్తకం, పెన్సిలు తీసి బెంచి మీద పెట్టి, ఇంకో గదిలో లియోనార్డో బొమ్మ చూసొస్తానని వెళ్ళాను. జినేవ్రా దె బెంచి, మొత్తం అమెరికా ఖండాలలో ప్రజలు చూడగలిగే లియోనార్డో పెయింటింగ్ అదొక్కటే. అందులో రంగుని మెత్తగా కలపడానికి ఆయన వేళ్ళు కూడా వాడాడు, ఆ వేలిముద్రలు రంగులో ఇప్పటికీ ఉన్నాయి. పిల్లలకి ఇది చెప్పి చూడండి, అరగంట పాటు బొమ్మ దగ్గర్నుంచి కదలరు. నేను కావాలనే ముప్పావు గంట చూశాను.

వచ్చేసరికి మా అమ్మాయి పుస్తకం పట్టుకున్న చెయ్యి గీస్తోంది. మొత్తం బొమ్మ కాదు, ఆ చెయ్యి ఒక్కటే. వేలు పేజీల మధ్యలో దూరిన చోట కాగితం నల్లబడేదాకా చెరిపి గీసింది. గార్డు ఒకాయన వచ్చి వెనక నిలబడి చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు.

పోయిన వారం లెక్క ప్రకారం ఆ చెయ్యి పదకొండుసార్లు గీసింది. తొమ్మిదోది నాకు నచ్చింది, తనకి నచ్చలేదు. పన్నెండోదాంట్లో నానమ్మ చెయ్యి పెట్టాలని చూస్తోంది. అమ్మ లలితా సహస్రం పుస్తకంలో వేలు పెట్టుకుని కదలకుండా కూర్చోవాలి, అదీ షరతు. అయిదు నిమిషాలకోసారి ఆవిడ లేచి పొయ్యి మీద పాలు చూడటానికి వెళ్తోంది, వీళ్ళిద్దరికీ అదే గొడవ.

మన వాళ్ళెవరైనా డీసీ వైపు వస్తే, గ్రీన్ లైన్ గానీ యెల్లో లైన్ గానీ పట్టుకుని ఆర్కైవ్స్ స్టేషన్లో దిగండి, అయిదు నిమిషాల నడక. వెస్ట్ బిల్డింగులో ఇటలీ బొమ్మల గదులు ఎక్కడని అడగండి. పిల్లలకి పెన్సిలు, చిన్న కాగితాల పుస్తకం తీసుకురండి. పెన్సిలుతో గీసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. పెన్ను మాత్రం జేబులోంచి తీయనివ్వరు.